జానెడు దిగిన ఎర్ర గీత

వంతెన బాబాయి అంటేనే మా లైనులో అందరికీ తెలుస్తుంది. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఏటి వంతెన పక్కనున్న ఒంటిగదిలో ఉంటూ కాపలా కాస్తున్నాడు. పిల్లలు లేరు. వాళ్లావిడ పోయి ఆరేళ్లయింది. రోజుకు పన్నెండు రైలుబళ్లు వెళ్తాయి. బాబాయి పచ్చజెండా చూపిస్తాడు, డ్రైవరు చెయ్యెత్తుతాడు. ఆ రోజుకి మనుషులతో పని అంతటితో సరి.

వానలకు ముందు మాకు ఊపిరి సలపదు. తూముల్లో పూడిక తీయాలి, గట్టు జారే చోట ఇసుక బస్తాలు పేర్చాలి, వంతెన స్తంభం మీద ప్రమాదపు గీతకు కొత్తగా ఎర్రరంగు వేయాలి. ఏరు ఆ గీతను తాకిందంటే కాపలాదారు ఎర్రజెండాతో మలుపు దాకా వెళ్లి, వచ్చే బండిని ఆపాలి. ఆ నడకకు పది నిమిషాలని లెక్కగట్టే ఎప్పుడో పెద్దలు ఆ గీత పెట్టారు.

ఈసారి మొదటి వానకే బాబాయి బండి ఆపేశాడు. నలభై నిమిషాలు నిలబడిపోయింది. ఏరేమో ఆ పైన పెరగనే లేదు. ఆఫీసువాళ్లు ఇన్‌స్పెక్టరునైన నన్ను దులిపేశారు. ఒళ్లు మండి, టేపు పట్టుకుని వెళ్లి కొలిచాను. గీత ఉండాల్సిన చోటుకంటే జానెడు కింద ఉంది.

"ఇన్నేళ్లుగా చూస్తున్న గీతే కదా బాబాయ్. ఈ ఏడు కళ్లెక్కడ పెట్టుకుని రంగేశావ్?"

"చూసే వేశాను సార్."

"చూసే వేశావా? అక్కడ నన్ను నిలబెట్టి కడిగేశారు, తెలుసా?"

బాబాయి జెండా తీసుకుని మలుపు వైపు నడిచాడు. గడియారం చూసుకుంటూ నేనూ వెనకాలే వెళ్లాను. బాబాయి కుడి మోకాలు వంగడం లేదు. నాలుగడుగులకోసారి ఆగుతున్నాడు. మలుపు చేరేసరికి పదిహేడు నిమిషాలు పట్టింది.

"నాకు ఆలస్యమైందని ఏరు ఆగదు కదా సార్. అందుకే గీతనే కిందికి దించాను."

"మోకాలి సంగతి ముందే చెప్పి ఏడవొచ్చుగా?"

"చెప్తే గది ఖాళీ చెయ్యమంటారుగా."

నా కోపం ఎటు పోయిందో పోయింది. నా మీద నాకే చిరాకేసింది. నెలనెలా వచ్చి వంతెన బోల్టులన్నీ తట్టి చూసేవాణ్ని, ఈ మనిషి నడక ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు. అలాగని ఊరుకోవడానికీ లేదు. ఏరు ఒక్కసారిగా పొంగితే జానెడు చాలదు, బండి నిండా జనం ఉంటారు. బాబాయి గదికి తిరిగొచ్చి కూర్చుని, జంక్షన్‌లోని సామాన్ల గదికి ఆయన బదిలీ కాగితం రాశాను.

"అక్కడ కూర్చుని చేసే పని బాబాయ్. చుట్టూ నలుగురుంటారు. హాయిగా కబుర్లు చెప్పుకోవచ్చు."

బాబాయి జెండా చుట్టి గోడకు ఆనించాడు.

"నలుగురిలో కూర్చుంటే ఏం మాట్లాడాలి సార్?"

వేళాకోళం కాదు, నిజంగానే అడుగుతున్నాడు. బయట మబ్బు కమ్ముకుంటోంది. కాగితం మీద సంతకం పెట్టేశాను.