కనకవల్లి పెట్టె మీద బొట్టు

మా ఆడబిడ్డ కనకవల్లిని చూసి ఎవరన్నా “పాపం” అన్నారంటే నాకు ఒళ్ళు మండుతుంది. ముందే చెప్పేస్తున్నా. పాపం అనాలనిపిస్తే నన్ను అనండి, ఆ విజయదశమి నాడు నేను తెచ్చిపెట్టిన తలనొప్పికి.

ఆమెకి ఆరేళ్ళప్పుడు అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయినాయి. నేను మద్రాసులో ఈ కోడంబాక్కం ఇంటికి కోడలుగా వచ్చేసరికి ఆమెకి పద్దెనిమిది. కళ్ళు లేనోళ్ళంటే కుర్చీలకి పేము అల్లాల్సిందేనని ఎవరు రాసిపెట్టినారో ఏమో, అప్పటికే ఆమెను ఆ పనిలో కూర్చోబెట్టేసినారు. పదేళ్ళకి పైగా అల్లింది. సాయంత్రం ఇంటికొస్తే వేళ్ళ కొసలు చీలిపోయి ఉండేవి. నేను కొబ్బరినూనె రాస్తా ఉంటే అబ్బా అని కూడా అనేది కాదు, మొండిఘటం.

ఆ వేళ్ళు అట్లుంటే, గొంతు మాత్రం దేవుడు వేరే మట్టితో చేసినాడు. ఆకుకూరలమ్మే అమ్మాసి గొంతు, ఇస్త్రీబండి ఆయన దగ్గు, ఏదైనా సరే ఒకసారి వింటే చాలు, దించేసేది. ఒకరోజు వెనకనించి మా అత్తగారి గొంతుతో “పంకజం!” అని పిలిస్తే, పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తినాను. అత్తగారు పోయి అప్పటికి రెండేళ్ళు. పాలు పొంగి నేలపాలైనాయి, ఆమె మాత్రం కడుపు పట్టుకోని నవ్వతా ఉండాది.

పెట్టె మా ఇంటికొచ్చింది డెబ్భైతొమ్మిదిలో. మా ఇంటాయన చెంగల్రాయుడు స్టూడియోలో సెట్లకి వడ్రంగి పని. పాటలు వినాలని టేప్ రికార్డరు మీద మనసుపడి, మా ఇద్దరినీ వెంటబెట్టుకోని ఫారిన్ సరుకులమ్మే బర్మాబజారుకి పోయినాడు. కనకవల్లి పెట్టెను అందుకోబోతే అంగడాయన అరవంలో, ఈ అమ్మకి ఇదెందుకు, చెయ్యి తగిలి పాడైపోతుంది అన్నాడు. కొనేది మేము, మోసుకోని పోయేది మేము, కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను అడిగేసినా. ఈలోగా కనకవల్లి ఆ అయిదు మీటల మీద వేలు పోనిచ్చి, ఏది తిప్పేది, ఏది ఆపేది, ఏది వెనక్కి తీసకపోయేది, అన్నీ అడిగి తెలుసుకునింది.

“అన్నా, ఇది తీసుకో. దీనికి నా కళ్ళతో పనిలేదు” అనింది.

అంతే, మా ఇంటాయన పాటలకి ఆ రోజుతో మంగళం. పెట్టె చెల్లెలిదైపోయింది. రేడియోలో నాటకం వస్తే పట్టి పెట్టుకునేది. అదే మాటని వెనక్కి తిప్పి, మళ్ళీ విని, మళ్ళీ తిప్పి, యాడ ఊపిరి పీల్చినారో, యాడ గొంతు తగ్గించినారో అన్నీ నేర్చేసుకునేది. తన గొంతు తనే పట్టి వినుకోని, “ఛీ, ఈ ముసిలిది పడుచుగా దగ్గతా ఉండాది” అని తన్ను తానే తిట్టుకునేది. అంతకు ముందు ఏది కావాలన్నా ఒకరిని బతిమాలాల్సిందే. ఇంకోసారి చదవమంటే మేమైనా ఎన్నిసార్లని చదువుతాం? పెట్టె విసుక్కోదు గదా.

మా పక్క పోర్షన్లో మునిరాజు అని ఉండేవాడు, డబ్బింగ్ థియేటర్లో మైకులు సర్దే పని. గోడవతల నించి ఎన్నాళ్ళు విన్నాడో, ఎనభైయొకటిలో ఒకరోజు వచ్చి కబురు చెప్పినాడు. ఒక అరవ పిక్చరుని తెలుగులోకి మారుస్తున్నారంట, ముసిలితల్లి వేషానికి గొంతు కావాలంట. విజయదశమి పొద్దున టెస్టు.

“ఇది కుదిరిందంటే ఇంక పేము ముట్టను వదినా” అని ఆమె నా చెయ్యి పట్టుకునింది. పేము వద్దని ఆమె నోరు తెరిచి చెప్పంగా నేను వినింది అదే మొదలు.

మునిరాజు ఆ వేషం మాటలుండే కాగితాలు తెచ్చిచ్చినాడు. మా నాయన చలవ, నాకు తెలుగు చదవను వచ్చు. అవన్నీ పెట్టెలోకి చదివినాను. నేను చదివితే రేషన్ కార్డులో పేర్లు చదివినట్టుంటుంది. నా ఎండుగొంతు విని ఆమె ఏడిపించే తల్లిని తయారు చేసింది చూడండి, అదీ విద్య.

ఇప్పుడు నా గొప్పతనం వినండి. టెస్టుకి ముందురోజు ఆయుధపూజ. మా ఇంటాయన ఉలి, రంపం, నా కుట్టుమిషను, కత్తిపీట, అన్నీ కడిగి దేవుడి ముందర పెట్టినాను. ఆమె ఆయుధం ఏది? పెట్టె. దాన్ని నడిమధ్య పెట్టినాను. రంపానికి ఒక్క బొట్టు పెట్టినదాన్ని, ఆడబిడ్డ పెట్టెకి తక్కువ చేస్తే ఎట్లా అని అయిదు మీటలకీ చిక్కగా గంధం అద్ది, కుంకం పెట్టినాను. పూజలో పెట్టింది మరుసటి రోజుదాకా ముట్టకూడదు గదా, ఎవరూ ముట్టలేదు. తెల్లారి కర్పూరం వెలిగించి, పెట్టెను సంచిలో వేసుకోని బయలుదేరినాం.

థియేటర్లో మాటల బాధ్యతంతా దామోదరంగారిది. బెజవాడ మనిషి, మర్యాదస్తుడే గాని ముఖాన నవ్వుండదు. కనకవల్లిని చూసి మునిరాజు వైపు ఒక చూపు చూసినాడు. పెట్టెను చూసి అసలు ఒప్పుకోలేదు. అంతకుముందు ఎవరో లోపల పాటలు టేపులోకెక్కించి బయటికి చేర్చినారంట, అప్పటినించి టేపులు లోపలికి రాకూడదని రూలు. పైగా పెదాలకి కుదరలేదని ఆ పొద్దునే మాటలు మార్చేసినాడంట. మారిన కాగితం ఇట్లా చాచినాడు. ఎవరికిస్తున్నాడో గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకోని, సరే నేనే ఒకసారి చదువుతా విను అని జేబులోంచి అద్దాల డబ్బా తీసినాడు. డబ్బా టప్పుమనింది.

“సార్, అవి కళ్ళద్దాలేనా?” అనింది కనకవల్లి.

“అవునమ్మా.”

“వాటిని బయట పెట్టేసి లోపలికి రమ్మంటే మీరు ఎట్లా చదువుతారు సార్? నాకు ఈ పెట్టె అట్లాంటిదే.”

ఎదురు చెప్పినట్టు లేదు, బతిమాలినట్టూ లేదు. ఉన్న సంగతి చెప్పింది. దామోదరంగారు చేతిలో అద్దాలని ఒకసారి, పెట్టెను ఒకసారి చూసినాడు. ఆనక, సరే, టేపు మాత్రం పోయేటప్పుడు ఈడనే ఇచ్చి పోవాలన్నాడు.

లోపలికి పోయినాం. పెట్టె బల్ల మీద పెట్టి ఆమె మీట నొక్కింది. దిగలేదు. ఇంకోసారి గట్టిగా నొక్కింది. ఊహూ. దామోదరంగారు గడియారం చూసినాడు. ఇంకొకామెకి కబురు పంపాలేమోనని ఎవరితోనో మెల్లగా అంటున్నాడు. కనకవల్లి వేలు ముక్కు దగ్గర పెట్టుకోని వాసన చూసింది.

“వదినా, గంధం పెట్టినావా?”

భూమి చీలితే లోపలికి పోదామనిపించింది నాకు. మీటల సందుల్లోకి దిగి, ఎండి, గోడకి సున్నం మాదిరి పట్టేసుండాది నా భక్తి! పదేళ్ళ పేముని వదిలించుకోబోయే మనిషిని, నా చేత్తో నేనే మళ్ళీ ఆ కుర్చీల ముందర కూర్చోబెడతానేమోనని కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి.

ఆమె జడలోంచి పిన్ను తీసింది, దాన్ని నూనెజడకి రెండుసార్లు రాసింది, మీట సందులో పెట్టి గీకడం మొదలుపెట్టింది. పేము సందుల్లో అన్నేళ్ళు తిరిగిన వేళ్ళు గదా, తడబాటు లేదు. పొట్టు పొట్టుగా గంధం రాలింది. ఊదింది. నొక్కింది. టక్కుమని దిగింది.

దామోదరంగారు చదివినాడు, పెట్టె పట్టుకునింది. ఆమె దానికి చెవి ఆనించి ఒక మూల కూర్చుని ఎన్నిసార్లు తిప్పిందో నేను లెక్కపెట్టలేదు. ఆనక లేచి మైకు ముందరికి పోయింది. ఆడ సీను ముక్కని ఉంగరం మాదిరి అతికించి తిప్పుతా ఉంటారు, అదే బొమ్మ మళ్ళీ మళ్ళీ వస్తుంది. అందరూ తెర మీద పెదాలు చూసి మాట కలుపుతారు. మొదలుపెట్టాల్సినప్పుడు భుజం తడతానన్నాడు మునిరాజు. వద్దనింది. మూడుసార్లు ఊరికే వినింది. అరవ నటి మాటకి ముందు ఊపిరి పీల్చే చప్పుడు పట్టుకునింది. నాలుగోసారి ఆమె పీల్చినప్పుడే మా కనకవల్లి కూడా పీల్చింది.

“అన్నం చల్లారిపోతా ఉండాది నాయనా, కోపం తిన్నాక పడుదువు రా” అనింది.

తెర మీది ముసిలమ్మ నోరు కదిలింది, మాట మా అమ్మాయిది. ఇంతకంటే నాకు చెప్పను రాదు. దామోదరంగారు అద్దాలు తీసి తుడుచుకుంటా, కాగితంలో ‘చల్లారిపోతోంది’ అని ఉంది గాని, నువ్వన్నట్టే ఉండనియ్యమన్నాడు. ఇంకోసారి చెప్పించినారు. వెంట్రుకవాసి తేడా లేదు.

ఆ పొద్దునించి ఆమె పేము ముట్టలేదు. నాలుగేళ్ళలో ఎంతోమంది తల్లులకి, అత్తలకి, ఒక దయ్యానికి కూడా గొంతిచ్చింది. మైకు పక్కన ఆమె పెట్టె కోసం చిన్న బల్ల వేసినారు, చేసింది మా ఇంటాయనే. ఆడనే గొంతిచ్చే అలివేలుమంగ, కళ్ళు బాగుండే మనిషి కూడా, మారిన మాటలు గుర్తుండడం లేదని ఒక పెట్టె కొనుక్కోని వచ్చి ఆ బల్ల మీదనే పెట్టింది. రూలు ఏమైందో ఎవరూ అడగలేదు.

ఎనభైఅయిదులో పాత పెట్టె అరిగిపోయింది. ఈసారి అంగడికి ఆమే ముందు నడిచింది. కొత్తవన్నీ నున్నగా, చదరంగా, మీటలన్నీ ఒకే అచ్చు. వేలికి ఏది ఏదో తెలీదు. ఇంటికి తెచ్చినాక రెండుసార్లు, వినబోయి రికార్డు మీట నొక్కి పాతది చెరిపేసుకునింది. మూడోసారి చెరిగినప్పుడు పెట్టెను నా ఒళ్ళో పెట్టింది.

“వదినా, రికార్డు మీట మీద ఒక బొట్టు పెట్టు.”

నాకు చెయ్యి రాలేదు. ఆ గంధం సంగతి ఇంకా మరిచిపోలేదు నేను. “నేను పెడితే ఏమవుతుందో తెలుసు గదా” అన్నాను.

“గంధం కాదు. పోనిది పెట్టు. నువ్వే పెట్టాల” అనింది.

పక్కింటి కోకిల దగ్గర గోళ్ళరంగు అడిగి తెచ్చినాను. పుల్లతో ఒక్క చుక్క పెట్టి, ఆరినాక దాని మీద ఇంకొకటి, దాని మీద ఇంకొకటి, గట్టిగా పొంగేదాకా పెట్టినాను. ఆమె చూపుడువేలు ఆ మీటల మీద నడిచి నడిచి, ఒక చోట ఆగింది.

“ఈడుంది” అనింది.