ఫ్లెక్సీ చుట్టతో అశోక్‌నగర్ దాకా

మా అమ్మాయి స్రవంతి కన్వీనర్ అయ్యింది. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాళ్ళంతా కలిసి తమ పేటల్లో పొగ, కర్బనం తగ్గించుకోవాలని ఒక కమిటీ పెట్టుకున్నారు. జనరేటర్లు ఎట్లా తగ్గించాలి, చెత్త కాల్చకుండా ఏం చేయాలి, అన్నీ వాళ్ళే మాట్లాడుకుంటారట. దానికి పెద్దగా, అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న మా అమ్మాయిని నిలబెట్టారు. ఏడో తరగతితో బడి మానేసి కుట్టుమిషన్ ముందు కూర్చున్న నాలాంటి వాడికి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి.

"ఆదివారం మొదటి మీటింగ్ బాపు, వీలయితే రా" అని ఫోన్లో చెప్పి, క్లాసు ఉందని పెట్టేసింది. సంతోషంతో లేచి నిలబడ్డాను. జనగామలో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. మా ఇంటావిడ సుగుణ పోయి మూడేళ్ళు. పక్కింటి వాళ్ళు పెళ్ళికి వెళ్ళి తలుపుకు తాళం వేసుకున్నారు. ఇంత మంచి మాట నోట్లో పెట్టుకుని ఇంట్లో ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగాను. చివరికి చెప్పులేసుకుని ఫ్లెక్సీ షాపుకు వెళ్ళాను. మా దగ్గర మంచి జరిగితే చౌరస్తాలో ఫ్లెక్సీ పడాలి కదా. మధ్యలో స్రవంతి ఫోటో పెద్దగా, పైన సుగుణ, కింద గుండ్రాల్లో చుట్టాలందరి ఫోటోలు వేయించాను. అమ్మాయికి మాత్రం చెప్పలేదు. చిక్కడపల్లిలో కట్టి, చేయి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాలని నా ఆశ.

ఆదివారం పొద్దున ఏడింటికి జనగామ బస్టాండులో ఉప్పల్ వెళ్ళే బస్సు ఎక్కాను. ఆ టైముకు సీటు దొరుకుతుంది. టికెట్ నూట యాభైకి అటూ ఇటూ, ప్రయాణం రెండు గంటలు. నాలుగడుగుల చుట్ట పైన పట్టలేదు, అందుకని పక్క సీట్లో నిలబెట్టి భుజానికి ఆనించుకున్నాను. ఆ సీట్లో సుగుణ కూర్చోవాల్సింది.

కండక్టర్ అక్క వచ్చి చుట్ట వైపు చూసింది. "దీనికి గూడ టికెట్ కొట్టాల్నా కాక?"

"ఆడమనిషేనమ్మా, మా బిడ్డ. ఆడోళ్ళకు ఫ్రీ గదా" అన్నాను.

ఆమె నవ్వి ముందుకు వెళ్ళిపోయింది. ఏం సంగతి అని అడిగితే మొత్తం చెప్పేవాణ్ణే. అడగలేదు. చెప్పడానికి నోటిదాకా వచ్చిన మాటలు భువనగిరి దాటేదాకా నాలోనే తిరిగాయి.

ఉప్పల్‌లో దిగగానే మెట్రో ఉంది. పరేడ్ గ్రౌండ్ దగ్గర దిగి, ఎంజీబీఎస్ వైపు వెళ్ళే రైలు ఎక్కాలి. చిక్కడపల్లికి స్టేషన్ ఉంది, అక్కడే దిగాలి. నేను దిగలేదు. ఏ స్తంభానికి కడితే బాగా కనిపిస్తుందా అని కిటికీలోంచి కిందికి చూస్తుంటే ఆ స్టేషన్ దాటిపోయింది. నారాయణగూడలో దిగి వెనక్కి నడిచాను. దారిలో ఇరానీ హోటల్లో కూర్చుని ఒక చాయ్ తాగి, రెండు ఉస్మానియా బిస్కట్లు తిన్నాను. చాయ్ పోసే ఆయన చుట్టను చూశాడు.

"ఏ పార్టీ కాకా?"

"పార్టీ గాదు, నా బిడ్డ."

"మంచిది. జర పక్కకు పెట్టు, కప్పులకు తాకుతది."

కట్టే పని మీటింగ్ అయ్యాక చూసుకుందామని నేరుగా నడిచాను. అశోక్‌నగర్ చేరేసరికి పదకొండు దాటింది. గల్లీ నిండా హాస్టళ్ళు, పుస్తకాల షాపులు, చేతిలో నోట్సుతో నడిచే పిల్లలు. అందరూ ఎవరి పరీక్ష వాళ్ళ తలలో పెట్టుకుని పోతున్నారు, ఎవరూ ఎవరితో మాట్లాడటం లేదు. కమిటీ హాల్లో ముప్పై మంది దాకా ఉన్నారు. చుట్టను కుర్చీ వెనక పెట్టి చివరి వరుసలో కూర్చున్నాను. స్రవంతి దూరం నుంచే చెయ్యి ఊపి, మా బాపు అని పక్కవాళ్ళకు చూపించింది. చిక్కిపోయింది, కానీ మైకు పట్టుకున్న తీరు చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి.

మొదట హాస్టళ్ళ జనరేటర్ల మాట వచ్చింది, తొందరగానే తేలింది. రెండో మాట చెప్పేసరికి నా చెయ్యి కుర్చీ వెనక ఉన్న చుట్ట మీదికి పోయింది. మూడు పేటల్లో ఇక ఎవరూ ఫ్లెక్సీలు కట్టకూడదట.

"దించినంక ఏం చేస్తున్నరు? మూలకు కుప్పేసి కాలుస్తున్నరు" అంది స్రవంతి. "ఆ నల్ల పొగంత హాస్టల్ కిటికీలల్లకే వస్తుంది. ఫస్టు కట్టుడే బంద్ చేద్దాం."

యాదగిరి గారని ఒక హాస్టల్ యజమాని లేచాడు. నా వయసే ఉంటుంది. "పుట్టినరోజుకు ఫ్లెక్సీ లేకుంటే బస్తీల మనిషి ఉన్నడో లేడో ఎట్ల తెలుస్తది బిడ్డా?"

"మాట్లాడితే తెలుస్తది అంకుల్."

"మాటలు మంచిగనే చెప్తున్నవు. మీ నాయన వచ్చిండు గదా, ఆయన్నే అడుగుదాం." నా వైపు తిరిగాడు. "పెద్దమనిషీ, నిజం చెప్పు. బిడ్డకు ఇంత పేరొస్తే నువ్వు ఫ్లెక్సీ ఏయించవా?"

అందరూ నన్నే చూశారు. వేయించనని అంటే అమ్మాయి మాట నిలుస్తుంది. కానీ నిజం నా కుర్చీ వెనకే నిలబడి ఉంది.

"ఏయించిన" అన్నాను. చుట్ట తీసి చూపించాను. "ఇగో."

హాలంతా గొల్లుమంది. "అయిపాయె, కన్వీనర్ ఇంట్లనే ఉన్నది" అన్నాడు యాదగిరి గారు. స్రవంతి మైకు కిందికి దించింది. దాని ముఖం చూడలేక నేను ఇంకా మాట్లాడాను.

"ఇంట్ల చెప్పుకుందామంటే ఎవ్వరు లేరు సారూ, గందుకే ఏయించిన. చుట్టాలందరి ఫోటోలు పెట్టించిన. ఇప్పుడు యాదికొస్తుంది, వాళ్ళల్ల ఒక్కలకు గూడ ఫోన్ చేయలె. ఫోటోలు దొరికినయి గని మనుషులు యాదికి రాలె. మా బిడ్డ చెప్పిందే కరెక్టు. ఇగ దీన్ని నేను కట్ట."

నవ్వులు ఆగిపోయాయి. "నా పుట్టినరోజుది గూడ నేనే ఏయించుకుంట" అని మెల్లగా చెప్పి యాదగిరి గారు కూర్చున్నాడు. చేతులెత్తమన్నప్పుడు ఆయన చెయ్యి కూడా లేచింది.

మీటింగ్ అయ్యాక స్రవంతి చుట్ట విప్పింది. వాళ్ళమ్మ ఫోటో మీద చెయ్యి పెట్టి చాలాసేపు చూసింది. "టైలర్‌వి అయ్యుండి గుడ్డ మీద రాయించకపోయినవా బాపు" అంది. ఆ తర్వాత, "అమ్మ ఫోటో మంచిగ పడ్డది" అంది. కాల్చేది లేదు కాబట్టి, హాస్టల్ ముందు ఎండలో నిలబడే టిఫిన్ బండికి పైకప్పుగా కట్టాం. బొమ్మలు లోపలికి పెట్టాం. దాని కిందే నిలబడి ఇద్దరం ఇడ్లీ తిన్నాం. మూడింటికి తనకు మాక్ టెస్టు. మెట్రో దాకా వచ్చి, నేను మెట్లు ఎక్కేదాకా చూసి వెళ్ళిపోయింది.

తిరుగు బస్సులో పక్క సీటు ఖాళీ. ఆనించుకోవడానికి చుట్ట కూడా లేదు. నా సంతోషం ఊరందరికీ కనిపించాలని అంత మోశాను కానీ, ఒక్క మనిషి చెవిలో చెప్పి ఉంటే అంత బరువు ఉండేది కాదనిపించింది. ఇల్లు చేరాక తాళం తీస్తుంటే ఎప్పటిలాగే చప్పుడు గట్టిగా వినిపించింది. అయినా నా బిడ్డ గెలిచింది, అది చాలు.

మీరు వెళ్తే ఒకటి గుర్తు పెట్టుకోండి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ స్టేషన్ రాగానే లేచి తలుపు దగ్గర నిలబడండి, తర్వాతదే చిక్కడపల్లి. కిటికీలోంచి కిందికి చూస్తూ కూర్చోకండి.

ఇక నేను చెప్పాల్సిన వాళ్ళు: ఘనపూర్‌లో మా పెద్దక్క, బావ. భీవండిలో మగ్గం పని చేసే మా తమ్ముడు. ఆలేరులో స్రవంతి మేనమామ, ఆయన ఇద్దరు పిల్లలు. వరంగల్‌లో మా చిన్నమ్మ కొడుకు. మోత్కూరులో మా అత్తమ్మ, సుగుణ వాళ్ళ అమ్మ. ఆమెకు ఫోన్లో వినపడదు. దగ్గర కూర్చుని, చెవిలో చెప్పి రావాలి.