తాళాలక్క గుడారం

ఆమెకి తాళాలక్క అని పేరు పెట్టింది వీధి. పుణ్యం మాత్రం తమ్ముడిది. సెలవులొస్తే చాలు, పెళ్ళాంపిల్లలతో ఎక్కడికో ఒక చోటికి బయల్దేరేవాడు. బయల్దేరే ముందు ఇంటి తాళాలు తెచ్చి అక్క చేతిలో పెట్టేవాడు. అది చూసి పక్కింటివాళ్ళూ, ఎదురింటివాళ్ళూ, మేడమీదవాళ్ళూ రుచి మరిగారు. మెత్తనివాడిని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా! వీధిలో ఎవరు ఊరెళ్ళినా ఆమె గుమ్మం పక్క మేకుకి ఇంకో గుత్తి చేరేది. ఆ కుక్కకి తిండి, ఈ కుండీలకి నీళ్ళు, ఎవరి కుళాయి కారినా ప్లంబరుకి కబురు, అన్నీ ఆవిడే.

తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఎవరూ మర్యాద తప్పలేదు. ఫ్రిజ్‌కి అంటించుకునే అయస్కాంతం బొమ్మ ఒకటి తెచ్చి ఇచ్చేవారు. కొండలు, జలపాతాలు, పడవలు, దీపస్తంభాలు. ఆమె ఫ్రిజ్ లోకమంతా తిరిగొచ్చింది. ఆమె రోజూ ఆ ఫ్రిజ్‌ని చూస్తూ కాఫీ తాగేది.

ఆమె పని గుడారాలు కుట్టడం. ఊరి చివర రేకుల షెడ్డులో, అరచేతికి తోలుపట్టీ కట్టుకుని, దుప్పటికన్నా మందమైన కాన్వాసులో సూది దించేది. మూలల్లో గుడ్డని రెండు మడతలు మడిచి అడ్డంగా ఇంకో కుట్టు వేసేది. అక్కర్లేదని యజమాని అనేవాడు. గాలి వచ్చి అడిగినప్పుడు మీరు వెళ్ళి చెప్తారా అక్కర్లేదని, అని ఆమె అనేది. కుట్టడం అయ్యాక మడత పెట్టడమూ ఆమె వంతే. జిప్పు తీసి ఉంచి, అటు చివరనుంచి మోకాళ్ళతో గాలిని నొక్కుకుంటూ వాకిలి వైపుకి చుట్టుకు రావాలి. జిప్పు మూసి చుడితే గాలి లోపలే చిక్కి, ఆ మూట ఏ సంచిలోనూ పట్టదు. ఈ విద్య ఇంట్లో వాళ్ళకీ అక్కరకొచ్చింది. తమ్ముడి కుటుంబం ఏ ప్రయాణం పెట్టుకున్నా పెట్టెలు సర్దేది ఆవిడే. సర్ది, ఆటో ఎక్కించి, తాళం వేసుకుని వచ్చేది.

అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ణి చదివించింది, పెళ్ళి చేసింది. ఆమె పెళ్ళి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చేసరికి ఆమెకే అక్కర్లేకపోయింది. అందుకు ఆమె ఎప్పుడూ బాధపడలేదు. ఆమెకి మంట పుట్టింది వేరే దగ్గర.

ఒక కొత్త సంవత్సరానికి యజమాని షెడ్డులో క్యాలెండరు తగిలించాడు. గుడారాలు కొనుక్కునే సఫారీ కంపెనీ పంపిందట. మొదటి పేజీలో ఎర్రమట్టి నేల, నడుం ఎత్తు ఎండుగడ్డి, దూరంగా చెట్టు కొమ్మని మేస్తున్న జిరాఫీ, ముందు ఒక గుడారం. ఆమె దగ్గరికెళ్ళి కళ్ళజోడు సర్దుకుని మూల చూసింది. రెండు మడతలు, అడ్డకుట్టు.

"ఇది నాది!" అంది.

"నీదే అయ్యుంటుందక్కా. ఎక్కడెక్కడి ఊళ్ళు చూస్తున్నాయో నీ గుడారాలు!" అన్నాడు యజమాని మెచ్చుకోలుగా.

పాపం, ఆయన మంచి మాటే అన్నాడు. కానీ ఆ మాట ఆమెకి సూదిలా దిగింది. గుడ్డముక్క వెళ్ళింది. గుడ్డని కుట్టిన చెయ్యి మాత్రం వీధిలో కుక్కలకి తిండి పెడుతూ ఉండిపోయింది. ఆ సాయంత్రమే తిన్నగా ట్రావెల్ ఆఫీసుకి వెళ్ళింది.

అక్కడి అమ్మాయి ఆమెని తేరిపార చూసి పెద్దవాళ్ళ ప్యాకేజీ తీసింది. "ఏసీ బస్సు ఆంటీ. అద్దాల్లోంచే అన్ని జంతువులూ కనిపిస్తాయి. పెద్ద హోటలు, వేడినీళ్ళు..."

"అద్దాల్లోంచి చూడ్డానికి నాకు ఫ్రిజ్ ఉంది. గుడారం కావాలి. జీపు కావాలి. నడిచి తిప్పుతారా అడవిలో?"

"తిప్పుతారు, తుపాకీతో గైడు ఉంటాడు. పశువులు కాసేవాళ్ళ గూడెంలో ఒకరోజు ఉండి, వాళ్ళతో పాటు మందతో నడిచే ఏర్పాటు కూడా ఉంది. కానీ ఆంటీ, గుడారం దగ్గర సింహాల అరుపులు వినిపిస్తాయి. భయమెయ్యదా?"

"వేస్తుంది. అందుకేగా వెళ్ళేది!"

అమ్మాయి నవ్వేసింది. ఆ రోజునుంచీ ఇద్దరికీ దోస్తీ కుదిరింది. షెడ్డునుంచి వచ్చేటప్పుడల్లా ఆగి తాళాలక్క ఏదో ఒకటి అడిగేది. ఏనుగుల మంద నీళ్ళకి ఏ వేళప్పుడు దిగుతుంది, గూడెంలో పెద్దవాళ్ళని ఏమని పలకరించాలి. ముదురు నీలం బట్టలకి కుట్టే ఈగలు ముసురుతాయని తెలిసి, షెడ్డులో వేసుకునే నీలం చొక్కాలు పక్కన పెట్టి మట్టిరంగువి కుట్టుకుంది. చిన్న విమానంలో గట్టి పెట్టె ఎక్కించరని తెలిసి మిగిలిన కాన్వాసుతో మెత్తటి సంచి కుట్టుకుంది. దాని మూలలకీ అడ్డకుట్టు వేసుకుంది. టీకా వేయించుకుని, నొప్పి చేతిని చూసుకుని మురిసిపోయింది.

అంతా కుదిరాక ఒక ఆదివారం తమ్ముడింట్లో భోజనాల దగ్గర చెప్పింది. "సఫారీ ప్లాన్ చేశాను." జీపు గురించి, గుడారాల గురించి, గూడెం గురించి చెబుతుంటే తమ్ముడి మొహం వెలిగిపోయింది.

"అక్కా, నువ్వు ప్లాన్ చేస్తే తిరుగుంటుందా! జీపులో ఆరుగురు పడతారా? నేను, ఇది, పిల్లలిద్దరూ, మా అత్తామావయ్యా. సరిగ్గా ఆరు!"

"పిల్లలకి దోమల మందు మర్చిపోకుండా సర్దు వదినా," అంది మరదలు.

"మరి కుక్క?" అన్నాడు చిన్న మేనల్లుడు.

"అక్క ఉందిగా!" అన్నాడు తమ్ముడు.

అందులో దుర్మార్గం ఏమీ లేదు, అదే బాధ. వేళ్ళు మడిచి లెక్కపెట్టిన మనిషికి ఎదురుగా కూచున్న మనిషి లెక్కలోకి రాలేదు. తాళాలక్క నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టింది.

"ఒక్క సీటే తీసుకున్నాను. నాది."

మొదట అందరూ నవ్వారు. ఆమె నవ్వకపోయేసరికి సుద్దులు మొదలయ్యాయి. ఈ వయసులో అడవేంటి, ఒక్కదానివేంటి, జ్వరమొస్తే ఎవరు చూస్తారు, వీధిలో ఎవరైనా వింటే ఏమనుకుంటారు. ఆమె అందరినీ చెప్పనిచ్చింది.

"ఆ గుడారం నేను కుట్టానురా," అంది చివరికి. "దానికి తాళం ఉండదు. జిప్పు ఒక్కటే. తాళం లేని ఇంట్లో ఒక్కసారైనా పడుకోవాలని ఉంది నాకు."

తమ్ముడు మాట్లాడటం మానేశాడు. మానేసినవాడు ఊరుకుంటే బాగుండేది. ప్రయాణం దగ్గరపడుతుంటే ఒక సాయంత్రం వచ్చి, తాళాలగుత్తి ఆమె బల్లమీద పెట్టాడు.

"శనివారం సముద్రం దగ్గరికి వెళ్తున్నాం. టిక్కెట్లు కొనేశాను. నీది వచ్చే ఏడాదికి మార్చుకో అక్కా. అడవెక్కడికీ పోదుగా," అని, జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయాడు.

ఆమెకి ఏడుపొచ్చింది. దిగులుతో కాదు, ఒళ్ళుమంటతో. అయినా అలవాటు చెడ్డది. కాసేపటికి చెయ్యి దానంతటదే ఫోను తీసింది, ట్రావెల్ అమ్మాయి నంబరు నొక్కింది. తేదీ మార్చడానికి వీలవుతుందేమో అడుగుదామనే. అవతల మోగుతుంటే ఎదురుగా ఫ్రిజ్ కనిపించింది. జలపాతం పక్కన పడవ, పడవ పక్కన దీపస్తంభం. ఇంకో బొమ్మకి చోటు లేదు. శనివారం వెళ్ళినవాళ్ళు తెచ్చేది ఎక్కడ అంటించాలా అని ఒక్క క్షణం నిజంగానే వెతికింది. వెతుకుతున్నానని తెలిసి తనమీద తనకే అసహ్యం వేసింది.

"హలో, ఆంటీ?"

"ఏం లేదమ్మా. శుక్రవారం పొద్దున టాక్సీ చెప్పు."

శుక్రవారం మట్టిరంగు చొక్కా వేసుకుని, కాన్వాసు సంచి భుజాన తగిలించుకుని బయటికొచ్చింది. మేకుమీది గుత్తులన్నీ తీసి గుమ్మం గుమ్మానికీ వెళ్ళి ఎవరివి వాళ్ళకి ఇచ్చేసింది. ఇదేంటి తాళాలక్కా అన్నవాళ్ళకి ఊరెళ్తున్నానని చెప్పింది. కొందరికి ఆ మాట అర్థం కావడానికి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

ఆఖరి తలుపు తమ్ముడిది. లుంగీలో వచ్చి తలుపు తీసినవాడు సంచిని చూసి నిలబడిపోయాడు. ఆమె అతని గుత్తి అతని అరచేతిలో పెట్టింది. దానిమీద తన ఇంటి తాళంచెవి పెట్టింది.

"ఇదేంటక్కా? మేం రేపు వెళ్తున్నాం కదా! కుక్కనేం చెయ్యమంటావ్?"

"సముద్రం చూపించు. అది కూడా ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళలేదు."

"మరి నీ మొక్కలు?"

"నీళ్ళు పోస్తే ఉంటాయి, పొయ్యకపోతే పోతాయి. పోతే వచ్చి కొత్తవి వేసుకుంటాను."

వెనక మరదలు వచ్చి నిలబడింది. "వదినా..." అంది. వీధి మొగలో టాక్సీ హారన్ కొట్టింది. తమ్ముడు చేతిలో తాళాలు పట్టుకుని, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనివాడిలా దిక్కులు చూస్తున్నాడు. ఆ ఇంట్లో తాళాలకి మేకే లేదు.

ఆమె నాలుగు మెట్లు దిగి వెనక్కి తిరిగింది.

"దిగులు పడకురా," అంది. "నీకో అయస్కాంతం బొమ్మ తెస్తాను."