చాటున కూర్చుని చెప్పిన గాలి

“మేయ్, గాలి ఎట్లుండాది?”

“నిలిసిపోయింది. పెట్టుకోపో.”

మా ఆయనా నేనూ చివరిగా మాట్లాడుకున్న మాటలు ఇవే. నలభై ఏళ్ళు ఒకే కప్పు కింద ఉండి, తిట్టుకుని, అలిగి, మళ్ళీ ఒకే కంచంలో తిన్న మనుషులకు చివరికి మిగిలింది ఈ రెండు ముక్కలు. అడిగిన ముక్క ఆయనది. చెప్పిన ముక్క నాది. ఆ రెండోదాన్ని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, కన్నకొడుక్కు కూడా. ఈ రోజు చెబుతున్నాను. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. ఎమ్మిగనూరులో చిన్నపిల్లలకు చదువు చెప్పే పిల్ల, ఎండాకాలం ఒంటిపూట బడులని నన్ను చూసిపోదామని వచ్చి ఇరుక్కుంది. నాకు సంతకం వరకే చదువు. పొదుపు సంఘంలో చేరినప్పుడు నా పేరు రాయడం నేర్పించారు. ఆ అక్షరాలు విడివిడిగా ఇంకెక్కడ కనబడినా నేను గుర్తుపట్టలేను.

ఇన్నాళ్ళూ చెప్పనిదానివి ఈ రోజే ఎందుకు చెబుతున్నావంటే, పొద్దున జరిగింది చెప్పాలి. వాకిలి ఊడుస్తుంటే మా పక్కచేను చాచా కొడుకు బండి ఆపాడు. చాచా అంటే మాకు రక్తసంబంధం కాదు, ఊరంతటికీ చాచానే. ఆయన చేనుకూ మా చేనుకూ మధ్య ఒక గట్టు, అంతే. ఆ కొడుకు బండి దిగకుండానే, “అక్కా, పత్తి కట్టె పీకి కుప్పలేసినాం. ఈ పొద్దు కాల్సాలనుకుంటాండాం. గాలి యాపక్క ఉంటాది?” అని అడిగాడు. నా చేతిలో చీపురు అట్లాగే ఆగిపోయింది. “ఈ పొద్దు వద్దప్పా” అన్నాను. “మరి రేపు?” అన్నాడు. “సాయంత్రం సెప్తాలే” అన్నాను. “నువ్వు సెప్పినంక ఇంకేముందిలేక్కా” అని నవ్వుకుంటూ పోయాడు. ఆ నవ్వే నన్ను చంపింది. అతను అటు పోయాడో లేదో, ఈ పిల్ల ఫోను కూత పెట్టింది. చదివి చెప్పింది: మూడు రోజులు ఎండ ఎక్కువ, వడగాలులు గట్టిగా వీస్తాయి, పొలాల్లో ఎవరూ నిప్పు పెట్టవద్దు అని ఉందట. “పెద్దమ్మా, నువ్వు సెప్పిందే దీంట్లో కూడా ఉండాది సూడు” అని సంబరపడింది. నేను చీపురు పక్కన పెట్టి, కాగితం, పెన్ను తెమ్మన్నాను.

గాలి సంగతి నాకు ఎట్లా తెలుసని ఎవరైనా అడిగితే మా ఆయన “అది గాలికి పుట్టింది” అనేవాడు. అది అబద్ధం. నేను గాలంటే పడని ఇంట్లో పుట్టాను. ఎమ్మిగనూరులో మాది మగ్గాల వీధి. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు దారాలు సాచి గంజి పెట్టేవాళ్ళు. తడి దారం మీద గాలి తగిలిందంటే గంజి ఎక్కడికక్కడ బిర్రుగా ఆరిపోతుంది, పోగులు పటపటమని తెగుతాయి. అందుకని మా నాయన నన్ను వీధి మొన నిలబెట్టి, “అమ్మీ, గాలి ఎట్లుండాది?” అని అడుగుతూ ఉండేవాడు. లంగా అంచు కదలడం, చెవి దగ్గర వెంట్రుక లేవడం, కుక్క ముక్కు ఎత్తడం, ఇవే నా పాఠాలు. ఒకసారి పక్కింటి పిల్లతో అచ్చనగాయలు ఆడుతూ చూడకుండానే “గాలి లేదు నాయనా” అన్నాను. కాసేపటికి పడుగంతా చింపిరి అయింది. మా నాయన కొట్టలేదు. పొద్దు గూకేదాకా వీధిలో గొంతుక్కూర్చుని ఒక్కొక్క పోగూ అతికాడు. పక్కన నన్ను కూర్చోబెట్టుకున్నాడు. “సూడకుండా సెప్పద్దమ్మీ” అన్నాడు. అంతే అన్నాడు. అది తెగిన దారం కాబట్టి అతుక్కుంది.

పెళ్ళయి వచ్చిన ఇల్లు మా కులంలోనే మగ్గం వదిలి సేద్యం పట్టిన ఇల్లు, ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో లోపలికి. ఇక్కడ గాలి చుట్టం. కళ్ళంలో జొన్నలు తూర్పారబట్టాలంటే గాలి రావాలి. రాకపోతే, ఎక్కి గింజలు పోసే బల్ల పక్కన పదిమంది చేటలు పట్టుకుని ఆకాశం వంక చూస్తూ కూర్చోవాలి. కొత్త కోడలిని, ఒక మూల నిలబడి గుప్పెడు పొట్టు ఎగరేసి, “ఇంగ కొంచేపటికి పడమటి నుంచి వస్తాది, బల్ల తిప్పుకోండి” అన్నాను. మా అత్త మూతి తిప్పింది. గాలి వచ్చింది. ఆ రోజు నుంచి మా ఆయన నన్ను పక్కన పెట్టుకోకుండా చేట ఎత్తలేదు. ఆయన భారీ మనిషి, బల్ల ఎక్కితే బల్ల మూలిగేది. పైనుంచి గింజలు పోస్తూ, “మేయ్, ఎట్లుండాది?” అనేవాడు. నేను చెప్పేదాన్ని. గాలి ఆగితే అందరినీ దిగమనేదాన్ని. ఎందుకంటే ఆగిన గాలి చాలాసార్లు దిక్కు మార్చుకోవడానికి ఆగుతుంది. ఇది నాకు తెలుసు. ఈ మాట బాగా కనబడేటట్టు రాయి అమ్మీ. ఇది నాకు తెలుసు.

తరువాత మిషన్లు వచ్చాయి, కళ్ళాలు పోయాయి, జొన్నలు పోయి పత్తి వచ్చింది. నా గాలికి పని లేకుండా పోయిందనుకున్నాను. కానీ పత్తికి మందు కొట్టేవాళ్ళు ఏ పక్క నుంచి మొదలుపెట్టాలో అడగడానికి వచ్చేవాళ్ళు. పంట అయిపోయాక కట్టె పీకి కాల్చేటప్పుడు కూడా అడిగేవాళ్ళు. మా ఆయనకు అది పెద్ద గొప్ప. ఆదోని సంతలో ఎవరైనా కొత్తవాళ్ళు కనబడితే, “మా ఇంట్లో ఫ్యానెందుకప్పా, మా ఆయమ్మ సెప్తే గాలొస్తాది” అని కోతలు కోసేవాడు. ఇంటికొచ్చాక చెమటకు తట్టుకోలేక తువ్వాలుతో విసురుకుంటూ, “యాడే నీ గాలి?” అని దెప్పేవాడు.

ఆయన పోయి ఇది మూడో ఎండాకాలం. ఉగాదికి ముందు. మరునాడు దున్నడానికి ట్రాక్టరు వస్తానంది, కట్టె కాల్చకపోతే మళ్ళీ ఎప్పటికి దొరుకుతుందో తెలియదు. మూడు రోజులుగా ఇద్దరం కట్టె పీకుతూనే ఉన్నాము. నా మడమలు పగిలి నెత్తురు కారుతున్నాయి. కట్టె అంతా చాచా గట్టు పక్కన కుప్పగా వేశాము. గట్టు మీద బోదగడ్డి నడుమెత్తు ఎండి ఉంది. గట్టు అవతల చాచా జొన్నచొప్ప వామి. ఆ వామి నీడలో ఆయన రెండు ఎద్దులు కట్టేసి ఉన్నాయి. చాచా మధ్యాహ్నం నమాజుకు ఊర్లోకి పోయాడు. పొద్దటి నుంచి గాలి గట్టు మీదుగా మా చేనులోకే కొడుతోంది. మా చేనులో నల్లమట్టి తప్ప కాలడానికి ఏమీ లేదు. దిక్కు మంచిదే గానీ జోరు ఎక్కువగా ఉందని, కాస్త తగ్గాక అంటిద్దామని ఆయన అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని అక్కడే తిరుగుతున్నాడు.

నేను చేనుకు ఈ కొసన, పల్లపు గట్టు కింద, వేపచెట్టు నీడలో కూర్చున్నాను. కూర్చుంటే వీపు వెనక ఆ గట్టు నా తలకంటే ఎత్తు. సద్ది మూట విప్పి, జొన్నరొట్టె తుంచి, వేరుశనగ బుడ్డల కారం అద్దుకుని నోట్లో పెట్టుకున్నాను. అప్పుడు ఆయన ఆ కొస నుంచి చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు. “మేయ్, గాలి ఎట్లుండాది?”

చూడు అమ్మీ, గాలిలో నిలబడ్డ మనిషి, చాటున కూర్చున్నదాన్ని అడిగాడు. ఆయన చెంపకు తగులుతున్నదాన్ని కాదని నా నోటి మాట నమ్మాడు. నేను లేవలేదు. మట్టి ఎగరేయలేదు. నెత్తి మీద వేపాకు కదులుతోందో లేదో కూడా చూడలేదు. కాళ్ళు నొప్పి. ఆకలి. నోట్లో రొట్టె. నా ఒంటికి గాలి తగలడం లేదు కాబట్టి లోకంలో గాలి లేదని చెప్పేశాను.

ఇక్కడ ఈ పిల్ల రాయడం ఆపేసింది. “ఇది కూడా రాయల్లా పెద్దమ్మా?” అంది. “రాయి” అన్నాను. “ఎవురికీ తెలీదు కదా. వద్దులే” అంది. “నాకు తెలుసు. రాయి” అన్నాను.

ఇంకో మాట కూడా రాయి. ఆయన చొక్కా విప్పి నా పక్కనే వేపకొమ్మకు తగిలించాడు. దాని జేబులో ఫోను ఆ పొద్దు రెండుసార్లు కూత పెట్టింది. రీచార్జి వాళ్ళేమోలే అనుకున్నాము. దినాలు అయ్యాక ఈ పిల్లే చూసి, గాలి గురించి వచ్చిన కబురు అని చెప్పింది. నేను ఫోను మీద నేరం వేయను. నాకు చదవడం రాదు. లేచి నిలబడడం వచ్చు కదా.

ఒక రొట్టె తినేంత సేపు. అంతే. పెళపెళమన్న చప్పుడు విని లేచాను. లేవగానే గాలి పొద్దటి మాదిరి నా ముఖాన కాదు, వీపున కొట్టింది, గట్టు వైపుకు, చాచా వైపుకు. నా కొంగు నా ముందు ఎగిరింది. మంట గట్టెక్కింది. బోదగడ్డిలో తరుముకుంటూ పోయింది. మా ఆయన వామి వైపు పరుగెత్తడం చూశాను. “య్యో, వద్దు, రా! ఈపక్కకు రా!” అని అరిచాను. ఆ మాటలు మా చివరి మాటల్లో చేరవు. ఆయనకు వినబడలేదు. పొగలో నుంచి ఒక ఎద్దు పలుపు ఈడ్చుకుంటూ బయటికి వచ్చింది. తరువాత రెండోది వచ్చింది. మూడో ప్రాణం కోసం చూస్తూ నిలబడ్డాను.

ఊరు ఊరంతా వేపమండలు పట్టుకుని వచ్చింది. ఎవరో ట్యాంకరుతో నీళ్ళు తెచ్చారు. ఆదోని నుంచి ఫైరింజను వచ్చింది గానీ చేనులోకి దిగలేక దారిలోనే నిలబడింది. నిప్పు చాచా చేను దాటి, దాని వెనకున్న గుట్ట ఎక్కి, సాయంత్రం దాకా గడ్డినీ తుమ్మనీ నాకి, తిండి దొరకక తనే చచ్చింది. ఆయన ఒళ్ళు కాలలేదు. పొగకు పోయాడు. గుంజ పక్కనే కూర్చున్నట్టు ఉన్నాడు, తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని. తెగిన పలుపు ముక్క చేతిలోనే ఉంది.

ఆ తరువాత జరిగిందే నన్ను తింటోంది. “ముసలోడు గాలి సూసుకోకుండా అంటిచ్చినాడు” అన్నారు. “పక్కనే ఆయమ్మ ఉండాది, ఒక మాట అడిగింటే సెప్పుండేది కదా” అన్నారు. బెంగళూరులో బిల్డింగు పనికి పోయిన నా కొడుకు వచ్చి, శవం ముందర తల కొట్టుకుంటూ, “అమ్మను అడగకుండా ఎందుకు పెట్టినావు నాయనా, నీకు ఎప్పుడూ తొందరే” అని ఏడ్చాడు. అప్పుడు నోరు తెరవాల్సింది. తెరవలేదు. మొదటి రోజు చెప్పనిది రెండో రోజు ఇంకా బరువైంది. అడిగిన మనిషిని అడగనివాడిని చేశారు. చూడకుండా చెప్పినదాన్ని అన్నీ తెలిసినదాన్ని చేశారు. ఆయన చచ్చి నా మాటకు విలువ పెంచాడు. ఇప్పుడు ముందుకంటే ఎక్కువ మంది వచ్చి అడుగుతున్నారు. నేను ప్రతిసారీ మిద్దె ఎక్కి, మట్టి ఎగరేసి, మూడుసార్లు చూసి చెబుతున్నాను. అది చూసి ఎంత జాగ్రత్తో అని మెచ్చుకుంటున్నారు.

అన్నిటికంటే చాచా. తన వామి కాలిపోయినా ఒక్క మాట అనలేదు. కర్మాంతరాల రోజు వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, “నా ఎద్దుల కోసరం పోయినాడు బేటీ. ఆ పొద్దు ఇంకో సోట కట్టేసింటే వాడు బతికిండేవాడు. నేనే సంపినాను” అన్నాడు. నేను తల వంచుకుని విన్నాను. నా నేరాన్ని ఆ ముసలాయన ఎత్తుకుని పోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో ట్రాక్టరు ఉన్నా ఆ ఎద్దులను ఆయన అమ్మనివ్వలేదు, తనే మేత వేసేవాడు. నేను ఎదురైతే నేరం చేసినవాడి మాదిరి తువ్వాలు భుజం మీద నుంచి తీసి పక్కకు జరిగేవాడు. ఈ మధ్య మంచం పట్టాడు. ఆ బరువుతోనే పోతే, అది రెండో చావు. దాన్ని కూడా నేనే చాటున కూర్చుని చూసినట్టు అవుతుంది.

సాయంత్రం చెబుతానని ఆయన కొడుకుకు మాట ఇచ్చాను. పోతాను. గాలి గురించి కాదు, ఇది చెబుతాను. నా నోటితో చెప్పబోతే ఏడుపు వచ్చి సగంలో ఆగుతానని కాగితం మీద పెట్టించాను. మంచం దగ్గర ఈ పిల్ల చదువుతుంది. తరువాత ఫోనులో నా కొడుక్కు చదువుతుంది. వాళ్ళు ఉమ్మేసినా సరే, రేపటి నుంచి ఎవరూ నన్ను గాలి అడగకపోయినా సరే. మా ఆయన అడిగాడు. అడిగే పెట్టాడు. అది ఊరికి తెలియాలి.

ఒక రొట్టె తినేంత సేపట్లో అయిపోయినదాన్ని నోటి దాకా తేవడానికి నాకు మూడు ఎండాకాలాలు పట్టింది. ఇంక ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు, చాచాకు అసలే తెలియదు.

ఏదీ అమ్మీ, మొదటి నుంచి చదువు. ఆయన అడిగిన కాడ నుంచి. గట్టిగా చదువు. ఉండు, నా చేయి పట్టుకో. నేను లేచి నిలబడి వింటాను.