ఆగకూడని పులుసు దాక

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. నాకు కారు నడపడం వచ్చని ఒకటి, విశాఖపట్నం నాకు కొట్టిన పిండని రెండోది. కారు నడపడం మా ఊళ్ళోనే నేర్చుకున్నాను. భీమిలి దగ్గర సముద్రం ఒడ్డున, వలలు ఆరేసుకునే మైదానంలో. అక్కడ ఎదురొచ్చేవీ మేకలే, భయపడి పక్కకు తప్పుకునేవీ మేకలే. ఇక విశాఖపట్నం అంటారా, పరవాడలో ఒక మందుల కంపెనీలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. తగరపువలసలో కంపెనీ బస్సెక్కి రోజూ నగరం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళొచ్చేవాణ్ణి. (ఎక్కగానే నిద్రపోయి కంపెనీ గేటు దగ్గర కళ్ళు తెరిచేవాణ్ణన్న సంగతి అప్పట్లో నాకంత ముఖ్యమనిపించలేదు.) పైగా కంపెనీలో ఒకాయన అమ్మేస్తుంటే పాత కారొకటి కొన్నాను. ఒకప్పుడు తెల్లగా ఉండేదట.

మా అక్కది గాజువాక కాపురం. బావ స్టీల్‌ప్లాంటులో పనిచేస్తాడు. అక్కకి అప్పుడు మూడో నెల. అందరికీ వచ్చే వేవిళ్ళే గానీ దానికి మరీ విపరీతంగా వచ్చాయి. మంచినీళ్ళు కూడా లోపల నిలిచేవి కావు. మనిషి సగమైపోయింది. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చుకుని సెలైన్ ఎక్కించాల్సిందే అని డాక్టరమ్మ చెప్పిందని విన్నాక మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. అలాంటి అక్క ఒకనాడు సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి, నీరసంగా, "అమ్మా, నీ సేతి కానాగంతల పులుసు తినాలనుందే" అంది. ఎన్ని రోజుల తర్వాతో దాని నోటి నుంచి తినాలన్న మాట వచ్చింది. అమ్మ ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకుంది. నాన్న లేచి వల భుజాన వేసుకున్నాడు. మర్నాడు నాకు సెలవు. కారు తాళం చెవి వేలికి తగిలించి తిప్పుతూ, "మద్దేన్నానికి అక్క కంచంలో ఉంటాది పులుసు, నాను ఎల్తాను" అన్నాను.

తెల్లవారి నాన్న తెచ్చిన చేపలతో అమ్మ మట్టి దాకలో పులుసు పెట్టింది. మూత పెట్టి, దాక మూతికి నీలం గుడ్డ వాసెన కట్టి, ఆ ముడిలో బొగ్గుముక్క, ఇనప మేకు, ఎండు మిరపకాయ దోపింది. చేపో మాంసమో వండి దారి మీద పట్టుకెళ్తుంటే వాసనకి గాలీ ధూళీ వెంటపడతాయని మా వైపు వాళ్ళ భయం. బొగ్గూ మేకూ వాటికి కాపలా. అమ్మకి ఆ పూట చేపల అమ్మకం ఉంది కాబట్టి దాక పట్టుకోవడానికి నానమ్మ బయల్దేరింది. వెనక సీట్లో ఎక్కి, దాకని ఒళ్ళో ఎక్కించుకుని, అప్పుడు చెప్పింది అసలు మాట. "ఒరే గుంటడా, దారిలో ఎక్కడా ఆగకూడదు. ఆగితే గాలి సోకుతాది. కడుపుతో ఉన్న పిల్ల తినాల్సిన పులుసు."

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవాణ్ణి. పెద్దగా నవ్వాను. నవ్వుతూనే అద్దంలో నానమ్మ మొహం చూశాను. ఆవిడ నవ్వడం లేదు. అక్క మొహం గుర్తొచ్చింది. నాకు వీటి మీద నమ్మకం లేదు, కానీ నమ్మకం లేదని నిరూపించుకోవడానికి ఇది రోజు కాదు కదా అనిపించింది. "సర్లేవే, ఆపను" అన్నాను. జాతీయ రహదారి మీద ఆపకుండా నడపడం ఎంత పని? (సిగ్నల్ లైట్లన్నవి ఉంటాయని, బస్సులో నిద్రపోయేవాడికి ఎలా తెలుస్తుంది చెప్పండి?)

మధురవాడ దాకా రాజభోగంగా సాగింది. హనుమంతవాక దగ్గర దూరం నుంచే ఎర్రలైటు కనబడింది. "ఆపకురోయ్!" అంది నానమ్మ. ఆపలేదు. మేకపిల్ల కూడా దాటిపోయేంత నెమ్మదిగా పాకించాను. మా వెనక హారన్లు పెళ్ళి బ్యాండులా మోగాయి. ఒక బైకువాడు పక్కకొచ్చి, "ఏటి బావా, కారు తోల్తన్నావా, తోసుకుంటన్నావా?" అనడిగాడు. పచ్చలైటు పడే వేళకి సరిగ్గా గీత దగ్గరకు చేరాను. అలాగే ఇసుకతోట, మద్దిలపాలెం కూడా దాటించాను. నా తెలివికి నాకే ముచ్చటేసి, అద్దంలోంచి నానమ్మ వైపు గర్వంగా చూశాను. ఆవిడ దాక వైపు చూసుకుంటోంది.

గురుద్వారా జంక్షన్ దగ్గర మాత్రం నేను చేరుకోబోతుండగా ఎర్రలైటు పడింది. పాకించడానికి చోటు లేదు. సరిగ్గా అప్పుడే, ఎడమ పక్కకి తిరిగేవాళ్ళు ఆగనక్కర్లేదని రాసి ఉన్న బోర్డు కంటబడింది. దేవుడే రాయించినట్టుంది. స్టీరింగ్ ఎడమకి తిప్పేశాను. అలా ద్వారకా నగర్‌లో పడ్డాను. కోచింగ్ సెంటర్లు అప్పుడే వదిలినట్టున్నారు, వీధి నిండా పుస్తకాల సంచులతో పిల్లలు. వాళ్ళ మధ్య నుంచి అంగుళం అంగుళం కదుపుతూ బయటపడి, బస్సుల కాంప్లెక్స్ దగ్గరకి వస్తే ఎర్రలైటు. ఎడమకి తిప్పాను. సిరిపురంలో ఎర్రలైటు. ఎడమకి తిప్పాను. ఆ తర్వాత ఏదో పెద్ద రోడ్డు తగిలింది, మళ్ళీ ఎడమకి తిరిగి, హమ్మయ్య, ఊరు దాటేసి ఉంటాం అనుకున్నాను. "ఒరే, ఇందాక సూసిన జామపళ్ళ బండే కదరా అది?" అంది నానమ్మ. "ఈ ఊర్లో జామపళ్ళ బళ్ళు సానా ఉంటాయే" అన్నాను. కాసేపటికి ఇందాక చూసిన గురుద్వారా జంక్షన్ కూడా వచ్చింది. ఊరికి అలాంటివి రెండుంటాయని నేను కూడా అనలేకపోయాను.

మళ్ళీ ఎర్రలైటే. మళ్ళీ ఎడమే. నాలుగు ఎడమలు తిరిగితే బయల్దేరిన చోటికే వస్తామన్నది లెక్కలు రాని మేకకి కూడా తెలుస్తుంది. నాకూ తెలుసు. కానీ ఎర్రలైటు ముందు, వెనక సీట్లోంచి "ఆపకురోయ్" అన్న కేక వినబడుతుంటే చేతులు నా మాట వినేవి కావు. మూడోసారి అక్కడికి వచ్చేసరికి ట్రాఫిక్ కానిస్టేబుల్ మా కోసమే ఎదురుచూస్తున్నట్టు రోడ్డు మధ్యకి వచ్చాడు. కారు పక్కనే నడుస్తూ, "ఏటి బావూ, మామ్మకి ఊరు సూపిత్తన్నావా?" అన్నాడు. నేను సమాధానం వెతుక్కుంటుండగానే నానమ్మ అద్దం దించి అరిచింది. "పులుసు బావూ! కడుపుతో ఉన్న మనవరాలికి! ఆగకూడదు!" ఆయన మొహంలో వెటకారం ఠక్కున పోయింది. నీలం గుడ్డనీ బొగ్గుముక్కనీ చూశాడు. "ఏటి సేపలు మామ్మా?" "కానాగంతలు." అంతే. ఈల ఊది, రెండు చేతులూ చాచి, అటువైపు బళ్ళన్నీ ఆపేసి, "ఎల్లు, ఎల్లు, తిన్నగా ఎల్లు, మళ్ళీ ఎడం తిరిగేవంటే ఊరుకోను" అన్నాడు. బస్సులూ లారీలూ ఆగి చూస్తుండగా మా పాత కారు మంత్రిగారి కారులా జంక్షన్ దాటింది. ఆ గొప్పంతా నాదే అనుకుని ఛాతీ విరుచుకున్నాను.

ఆ విరుపు ఎన్.ఏ.డి. జంక్షన్ దాకానే. అక్కడ ఇనుప చుట్టలు మోసుకెళ్ళే పొడవాటి ట్రైలర్ ఒకటి మలుపు తిరుగుతూ అడ్డంగా ఇరుక్కుపోయింది. ముందు లారీలు, వెనక లారీలు, పక్కన బస్సు. ఎడమా లేదు, కుడీ లేదు. "కదుపు" అంది నానమ్మ. "ఎక్కడికే?" "ఎక్కడికో అక్కడికి." ముందుకో అడుగు, వెనక్కో అడుగు ఆడించాను. వెనక లారీ క్లీనర్ దిగొచ్చి బానెట్ మీద దరువేసి, "ఏట్రా బాబూ, ఉయ్యాలూపుతన్నావా?" అన్నాడు. కంగారులో క్లచ్ వదిలేశాను. బండి ఓసారి ఎగిరి, ఇంజన్ ఆగిపోయింది.

అక్క తినే పులుసుకి నా చేతులతో ఏదో అయిపోయిందనిపించింది. అప్పుడు నా కెమిస్ట్రీ ఎక్కడికి పోయిందో మరి. నానమ్మ మాత్రం తిట్టలేదు. తలుపు తీసుకుని దిగింది. భుజం మీది తువ్వాలు గుండ్రంగా చుట్టి నెత్తిన పెట్టుకుంది. దాని మీద దాక ఎక్కించుకుంది. "నీ కారు ఆగితే ఆగింది. నాను ఆగను" అని లారీల మధ్యలోంచి నడక అందుకుంది. వయసులో ఉన్నప్పుడు చేపల గంపతో తగరపువలస సంతకి నడిచెళ్ళిన మనిషి. నడుము ఒంగింది గానీ మెడ ఒంగలేదు. "నానమ్మా! ఆగు! నానమ్మా!" అని అరిచాను. ఆగమనడం తప్పని తెలిసీ అరిచాను. నీలం గుడ్డ కాసేపు బళ్ళ మీదుగా ఊగుతూ కనబడి, తర్వాత కనబడకుండా పోయింది. ఆ రోజు ఆ రోడ్డు మీద నిజంగా కదిలింది ఆవిడొక్కర్తే.

కారు వదిలి పరిగెత్తే వీల్లేదు, వదలకుండా కూర్చునే ధైర్యమూ లేదు. ఆవిడకి ఫోన్ లేదు, చదువు లేదు. చిరునామా అంటే 'స్టీల్‌ప్లాంటులో పనిచేసే మా మనవరాలి మొగుడి ఇల్లు' అంటుంది. గాజువాకలో సగం ఇళ్ళ చిరునామా అదే. అక్కకి పులుసూ పోయింది, నాకు నానమ్మా పోయింది అనుకున్నాను. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను కూడా. (పక్క బస్సులో కిటికీ దగ్గర కూర్చున్న పెద్దాయన ఓదార్పుగా ఒక జంతిక ఇచ్చాడు. తిన్నాను. ఆకలి కదా.)

ట్రైలర్ కదలకముందే బావ ఫోన్ చేశాడు. "ఎక్కడున్నావు బావా?" అన్నాడు. నేను గొంతు సవరించుకుని, "వచ్చేత్తన్నాం బావా, దగ్గరికొచ్చేసినాం" అన్నాను. "నానమ్మేటి సేత్తంది?" "ఎనక సీట్లో పడుకుంది. పెద్దది కదా, అలిసిపోనాది. లేపొద్దులే." బావ నెమ్మదిగా, "అవునా? మరి మా అరుగు మీద కాళ్ళు సాపుకుని కాఫీ తాగుతన్నాది ఎవలు బావా?" అన్నాడు. వెంటనే గొంతు తగ్గించి చెప్పాడు. "నువ్వు కారు ఎట్టుకోడానికి సోటు ఎతుక్కుంటన్నావని మా అమ్మకి సెప్పింది. అదే మాట మీదుండు."

నేను గాజువాక చేరేసరికి ఎండ వాలిపోయింది. అంతసేపూ పార్కింగ్ వెతికానన్న మాటని బావ వాళ్ళ అమ్మ ఏమాత్రం అనుమానించలేదు. "ఇక్కడ అంతే బాబూ, సోటు దొరకదు" అని జాలిపడింది కూడా. జామ్ దాటాక చేపలమ్మే ఆడవాళ్ళ ఆటో ఒకటి నానమ్మని ఎక్కించుకుందట. వేవిళ్ళ వల్ల ఈ మధ్య చేపలు కొనడం మానేసిన కోడలి ఇల్లు ఏదంటే వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. "మరి ఆటో ఎక్కడా ఆగలేదా?" అని పళ్ళు బిగించి అడిగాను. "ఆగకేటి? సందు సందుకీ ఆగింది. ఆటో ఆగింది గానీ నాను ఆగేనేటి? నాను కూకునే ఉన్నాను" అంది నానమ్మ. ఈ ముక్క పొద్దున్నే చెప్పి ఉంటే నేను గురుద్వారా చుట్టూ అన్ని ప్రదక్షిణాలు చేసేవాణ్ణా?

లోపలికి వెళ్తే అక్క గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. పక్కన ఖాళీ కంచం. "తిన్నావా?" అన్నాను. "మూడుసార్లు కలుపుకున్నానురా." "కడుపులో ఉండిందా?" "ఉన్నాది" అని పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్ని వారాలైందో. పులుసు నాకేమీ మిగల్లేదు. అక్క ఖాళీ దాకలోనే ఇంత అన్నం వేసి, అంచులకంటిన పులుసంతా తుడిచి కలిపి, ముద్ద చేసి నా చేతిలో పెట్టింది. అంత రుచి నేను మళ్ళీ ఎరగను.

ఇప్పుడు ఆ దారిలో రోజూ నేనే కారు నడుపుకుంటూ పనికి వెళ్తున్నాను, మెలకువగానే. అప్పుడప్పుడు ఆ కుర్రాడు గుర్తొస్తాడు. రెండు చేతులా స్టీరింగ్ పట్టుకుని, చెమటలు కారుస్తూ, ఊరంతా తనవల్లే నడుస్తోందనుకున్న వెర్రివాడు. వాడి మీద నాకు కోపం రాదు, కొంచెం ముద్దొస్తాడు కూడా. ఎన్.ఏ.డి. నుంచి గాజువాక దాకా వాడొక కథ తయారుచేసుకున్నాడు. ఎన్ని లైట్లు దాటాడో, ఎంత తెలివిగా పాకించాడో, ఎంత కష్టపడ్డాడో గుక్క తిప్పుకోకుండా చెప్పాలని. అక్క నవ్వుతూ కూర్చున్న ఆ ఇంట్లో, దారి ఎలా ఉందని వాణ్ణి ఎవరూ అడగలేదు. ఇన్నాళ్ళకి మీరు దొరికారు.