నల్లోడి మడి

నా చిన్నప్పుడు పొద్దున పూట మా అవ్వను ముట్టుకుంటే ఇల్లు దద్దరిల్లిపోయేది. మాది చంద్రగిరిలో గుడిని నమ్ముకుని బతికిన వైష్ణవ కుటుంబం. అవ్వ మడిచీర కట్టుకున్నాక దేవుడికి ఆరగింపు అయ్యేదాకా ఆమెను ఎవరూ తాకకూడదు. నేను వంటింటి గడప ఇవతల కూర్చుంటే అవతల నుంచే కథ చెప్పేది. ఆమె ఒడి నాకు దక్కేది ఆ తర్వాతే.

మామిడి పూత మీదున్న రోజుల్లో ఒక సాయంత్రం కొండ దిగి ఒక నక్క మా పెరట్లోకి వచ్చింది. మనుషుల్ని చూసినా పారిపోకుండా, సొంగ కారుస్తూ తూలుతోంది. మా కుక్క నల్లోడు దాని మీద కలబడి, తరిమేసి, మెడ నిండా కాట్లతో తిరిగొచ్చాడు. ఏడుస్తూ వాణ్ణి కావిలించుకోబోయిన నన్ను అవ్వ జడ పట్టి వెనక్కి లాగింది. నా మీద ఆమె చెయ్యి చేసుకున్నది ఆ ఒక్కసారే.

నాయన చేతులకు గోతాం చుట్టుకుని వాణ్ణి కొట్టం పక్కన కట్టేశాడు. దూరం నుంచే గాయాల మీద సబ్బునీళ్లు ధారగా పోసి, పశువుల డాక్టరును పిలుచుకొచ్చాడు. ఆయన సూది వేసి, కొన్ని నెలలు ఎవరూ తాకొద్దన్నాడు. పిచ్చి లక్షణాలు కనిపిస్తే వాడిక దక్కడని కూడా చెప్పాడు. నేను ఆ పూట అన్నం ముట్టలేదు.

తెల్లారి అవ్వ గడప అవతల నుంచి, "నల్లోడు మడిలో ఉండాడమ్మా. నన్ను తాకనట్టే వాణ్ణీ తాకగూడదు. అట్లని నేను నీతో మాట్లాడకుండా ఉండానా?" అంది.

మడి సంగతి నాకు చెప్పాలా! రోజూ కొట్టానికి దూరంగా కూర్చుని, అవ్వ దగ్గర విన్న కథలన్నీ వాడికి చెప్పేదాన్ని. నాయన మామిడికాయలు కోసే దోటితో అన్నం గిన్నె ముందుకు తోసేవాడు. పిచ్చి పట్టిన కుక్క నీళ్లు ముట్టదంటారు; వాడు నీళ్లు తాగితే చాలు, అవ్వ దేవుడికి దణ్ణం పెట్టుకునేది. వీధిలోవాళ్లు "కుక్కకు మడేందమ్మా!" అని నవ్వేవాళ్లు. నాకు భలే కోపం వచ్చేది.

కాయలు కోతకొచ్చాక డాక్టరు చూసి, ఇక భయం లేదన్నాడు. అప్పుడే మడి కట్టుకున్న అవ్వ, పొయ్యి కూడా వెలిగించకుండా పెరట్లోకి వచ్చింది. ఏనాడూ కుక్కను తాకి ఎరగని మనిషి, వాడి తల మీద చెయ్యి పెట్టి, "నీ మడి అయిపోయిందిరా నాయనా" అని ఏడ్చేసింది. మళ్లీ తలస్నానం చేసి వంట మొదలుపెట్టేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఆలస్యమైందని ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు నేనూ అవ్వనే. నా మనవరాలి కుక్కకు ఏటా టీకా నేనే దగ్గరుండి వేయిస్తాను. మొన్న నాకు అంటుజ్వరం వస్తే, ఆ పిల్లను గడప అవతలే కూర్చోమన్నాను. కథ మాత్రం ఆపలేదు.