పదకొండు బొమ్మలకాడ ఆగిన పటం

రాజలక్ష్మి సిరిసిల్లల జూనియర్ కాలేజీ లెక్చరర్. పాత సామాన్లు పోగేసుడు ఆమెకు రెండేండ్ల కింద పట్టుకున్న పిచ్చి. దుకాణాలల్ల బేరమాడి కొన్నదే గని, వేలంపాటకు ఎన్నడు పోలేదు.

కోరుట్లల ఒక పాత ఇంటి సామానంత ఫంక్షన్ హాల్ల వేలం పెడుతున్నరంటే బస్సెక్కి పోయింది. బల్ల మీద ఒక గుడ్డ చుట్ట ఉంది. చీటీ మీద ‘బొమ్మల గుడ్డ’ అని రాసిన్రు. జానెడు విప్పేసరికి పటం తలకాడ ఎర్రటి రంగుల, పులి మీద కూసున్న నేతోళ్ల మూలపురుషుడు భావనారుషి కనబడ్డడు. చిన్నప్పుడు కూనపులోళ్లు వాళ్ల వాడకచ్చి, గిసొంటి పటమే వేలాడదీసి సాలోళ్ల కథ చెప్పేది.

"ఏంది మేడమ్ అది?" అని పక్కనున్నాయన అడిగిండు. పేరు శ్రీధర్ అన్నడు.

అడిగితే చెప్పకుండ ఉండలేని మనిషి రాజలక్ష్మి. చింతగింజల జిగురు పూసిన గుడ్డని, గిప్పుడు గీసేటోళ్లు తక్కువని, మళ్ల దొరకదని అంత చెప్పింది.

పాట మూడు వేలకాడ మొదలైంది. ఆమె నాలుగన్నది. వెనకనుంచి ఎవరో ఐదన్నరు. తిరిగి చూస్తే శ్రీధరే. పాట పదిహేడు దాక పోయేసరికి ఆమెకు గాబరైంది. పదిహేడు తనదేనని మరిచి "ఇరవై" అన్నది. హాలంత నవ్వింది. పాట పెట్టేటాయన ఇరవయ్యే రాసుకున్నడు. ఆమె తెచ్చుకున్నదే ఇరవై. శ్రీధర్ నిమ్మళంగ ఇరవై ఒకటన్నడు. పటం ఆయనకే పోయింది.

"దీన్నేం చేస్తరు?" అని దగ్గరికి పోయి అడిగింది.

"పొడుగు పటం ఎవరు కొంటరు మేడమ్? బొమ్మకొక ముక్క కోసి ఫ్రేములు కట్టిస్త. హోటళ్లోళ్లు తీస్కపోతరు."

"కోయకున్రి. వరుస పోతే కథే ఉండది."

"మరి పాటెందుకు ఆపిన్రు?"

ఒక్కసారి విప్పితే ఫోటోలు తీసుకుంటనని బతిమిలాడింది. సరే జల్ది కానియ్యున్రి అన్నడు. నేలమీద పరుచుకుంట, వంగి తీసుకుంట సగం దాక పోయిందో లేదో, హాలోళ్లు కుర్చీలు ఏసుడు మొదలువెట్టిన్రు. శ్రీధర్ అవుతలి కొసనుంచి చుట్టుకుంట అచ్చిండు.

బస్సుల లెక్కపెడితే పదకొండు బొమ్మలే ఉన్నయి. ఆఖరిదాంట్ల భావనారుషి పులినెక్కుతున్నడు. ఆయన మీది కంటె తన నోటి మీదనే ఆమెకు కోపం ఎక్కువైంది. చిన్నమ్మ సత్యవ్వకు ఫోన్ చేసింది.

"చిన్నమ్మా, భావనారుషి పులినెక్కినంక కథేమైతది?"

"నాకేం యాదికున్నది బిడ్డా" అన్నది సత్యవ్వ. "సగం కథకే మేమందరం నిద్రపోయేది."